రైలు బాట – 7: పట్నానికి దర్వాజ ఎత్తిన మనిషి

గత భాగంలో చాందా రైలు గొడవ దగ్గర ఆగాం. హైదరాబాదు నుంచి ఉత్తరాన గోదావరి దాటించి చాందా దాకా రైలు వేస్తామన్న పథకం, దానికోసం లండన్ కంపెనీకి నిజాం ఖజానా నుంచి వడ్డీ హామీ ఇవ్వాలన్న షరతు, ఆ ఒప్పందంలో ఏముందో జనానికి చెప్పమని నిలదీసిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయను 1883 మే 20న రాజ్యం దాటించడం – ఇదంతా చూశాం. చివరికి రైలు చాందా వైపు రాలేదు. వరంగల్ మీదుగా బెజవాడకు మళ్లి 1889లో కృష్ణ ఒడ్డు చేరింది. పన్నెండేళ్ల తర్వాత, 1901 నాటికి, ఇంకో దారి పడింది. సికింద్రాబాదు నుంచి ఇందూరు (నేటి నిజామాబాదు) మీదుగా మన్మాడు దాకా గోదావరి లోయ మీటర్ గేజ్ లైను. తూర్పున ఒకటి, పడమర ఒకటి. రెంటి నడుమ మన కరీంనగర్ జిల్లా కూత కూడా వినబడనంత దూరంలో మిగిలిపోయింది.

ఈ భాగంలో పట్టాలను కాసేపు పక్కన పెట్టి, ఆ పట్టాల చివర నిలబడ్డ ఒక భవనం గురించీ, దాన్ని గీసిన మనిషి గురించీ చెప్పుకుందాం.

కొండగట్టు నుంచి పట్నం

లక్ష్మణుడి ప్రాణం కోసం ఆంజనేయుడు సంజీవని కొండను మోసుకెళ్తుంటే దాంట్లోంచి ఒక ముక్క విరిగి ముత్యంపేట దగ్గర పడిందనీ, అదే కొండగట్టు అయిందనీ మన పెద్దలు చెప్తారు. దూరాన్ని దాటించి ప్రాణం నిలబెట్టిన దేవుడి కొండ అది. ఆ కొండ కిందున్న ఊళ్లకు మాత్రం దూరం ఎన్నడూ తగ్గలేదు.

1916లో మల్యాల నుంచో జగిత్యాల నుంచో ఒక రైతు పట్నం పోవాలనుకున్నాడనుకోండి. జాగీరు తగాదా కావచ్చు, కోర్టు పేషీ కావచ్చు, ఇంట్లో ఎవరికో పెద్ద దవాఖానా అవసరం పడి ఉండవచ్చు. ముందు ఎడ్లబండి కట్టాలి. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా ఇందూరు చేరాలి. వంద కిలోమీటర్లకు పైమాటే. ఎడ్లకు మేత, నీళ్లు, విశ్రాంతి చూసుకుంటూ నడిస్తే నాలుగైదు రోజులు. రాత్రిళ్లు చెట్ల కింద, గుళ్ల ముందు, తెలిసినవాళ్ల అరుగుల మీద పడక. మూటలో జొన్నరొట్టె, ఎండుమిరప కారం, ఉల్లిగడ్డ. ఇందూరులో మీటర్ గేజ్ రైలెక్కితే ఒక్క పగలో రాత్రో ప్రయాణం. అప్పటిదాకా ఎద్దు నడకకు అలవాటైన మనిషి ఉక్కు పట్టాల మీద ఊగుతూ కామారెడ్డి, బొల్లారం దాటి వచ్చి ఒకచోట దిగుతాడు.

తలెత్తి చూస్తే తెల్లటి గోడలు, నడిమిట్ల పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్న గుమ్మటాలు, వాటికి తోడు మినార్లు. దర్గా అనుకోవాలా, దేవిడీ అనుకోవాలా, రైలు టేషన్ అనుకోవాలా? అది కాచిగూడ.

మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ ఎత్తడం ఒక పండుగ. చౌకట్టుకు పసుపు రాస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, మామిడాకులు కడతారు, ఆడబిడ్డను పిలిచి బట్టలు పెడతారు. గోడలు ఇంకా లేవనే లేదు, పైకప్పు మాటే లేదు. అయినా దర్వాజ నిలబడితే ఇల్లు నిలబడినట్టే. ఈ ఇంటికి ఎవరు వస్తారు, ఏ దిక్కు నుంచి వస్తారు, వాళ్లను ఎట్లా లోపలికి పిలవాలి అన్నవి ఆ చౌకట్టుతోనే తేలిపోతాయి. కాచిగూడ అట్లా పట్నానికి ఎత్తిన దర్వాజ. దాన్ని ఎత్తినవాడు విన్సెంట్ జెరోమ్ ఎష్.

రైలు కంపెనీ నేర్పిన చదువు

ఎష్ 1876లో లండన్‌లో పుట్టాడు. ఇరవై మూడేళ్లు నిండే వయసులో, 1899లో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో అసిస్టెంట్ ఇంజినీరుగా కలకత్తాలో ఉద్యోగంలో చేరాడు. 1887లో పుట్టిన ఆ కంపెనీ తెలుగువాళ్లకు పరాయిది కాదు. 1902లో తూర్పు తీరపు లైనులో ఉత్తరభాగం దాని చేతికి వచ్చింది. నాటి చికాకోల్ రోడ్డు, విజయనగరం, వాల్తేరు స్టేషన్లన్నీ దాని కిందివే. బీఎన్ఆర్ అనే మూడక్షరాలు ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇంటిమాట అయిపోయాయి.

రైలు కంపెనీలో కట్టడాలు గీయడమంటే రాజుగారి మహలు గీయడం లాంటిది కాదు. స్టేషను, సరుకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు, గ్యాంగ్‌మన్ గుడిసె, సాహెబు బంగళా, ఆస్పత్రి – అన్నీ ఒకే బల్ల మీద గీయాలి. ప్రతి అడుగుకూ లెక్క చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, జనం ఎట్లా కదులుతారో తెలిసి ఉండాలి. టికెట్టు కొనేవాడు ఎటు నిలబడతాడు, దిగినవాడు ఎటు బయటపడతాడు, మూటలు మోసే కూలీ ఏ దారిన పోతాడు, వానొస్తే పిల్లాపాపలతో ఉన్న తల్లి ఎక్కడ తలదాచుకుంటుంది? ఈ ప్రశ్నలకు జవాబు గోడల్లో ఉండాలి. జవాబు తప్పైతే రోజూ వేలమంది తొక్కిసలాటలో దాన్ని అనుభవిస్తారు. ఎష్ మొదటి బడి ఇదే.

1907లో హుగ్లీ ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ఆ కంపెనీ ప్రధాన కార్యాలయాన్ని ఎష్ కట్టాడు. ఆ స్థలానికి ఒక వ్యథ ఉంది. 1856లో ఇంగ్లీషువాళ్లు అవధ్ రాజ్యాన్ని లాక్కున్నప్పుడు నవాబు వాజిద్ అలీ షా లక్నో వదిలి వచ్చి బతికింది ఆ పరిసరాల్లోనే. తన సంగీతం, తన నాట్యం, తన జంతుశాల అన్నీ వెంట తెచ్చుకుని మటియాబుర్జులో చిన్న లక్నో ఒకటి కట్టుకుని, 1887లో అక్కడే కన్నుమూశాడు. రైలు కంపెనీ పుట్టిందీ అదే ఏడాది. నవాబు నీడ తొలగిన నేల మీద రైలు కచేరీ లేచింది. దానికి ఎష్ పెట్టింది మొగలు ధోరణి గుమ్మటాలు. దక్షిణ తూర్పు రైల్వే నేటికీ ఆ భవనం నుంచే నడుస్తోంది.

మెత్తటి నేల మీద బరువైన రాయి

ఈలోగా ఇంకో పెద్ద పని అతని చేతికి వచ్చింది. విక్టోరియా రాణి పోయాక ఆమె పేర కలకత్తాలో ఒక స్మారక మహలు కట్టాలని వైస్రాయి కర్జన్ పట్టుబట్టాడు. నమూనా గీసే బాధ్యత విలియం ఎమర్సన్‌ది. ఆయన బ్రిటిష్ వాస్తుశిల్పుల సంఘానికి అధ్యక్షుడిగా చేసిన పెద్దమనిషి. మొదటి చిత్రాలు వేయడానికి 1902లో ఎమర్సన్ పిలిచింది పాతికేళ్లు దాటిన రైలు ఇంజినీరునే. 1903 ఢిల్లీ దర్బారు కోసం వేసిన తాత్కాలిక ప్రదర్శనశాల కూడా ఎష్ చేతి పనే.

1906లో శంకుస్థాపన జరిగింది. రాజస్థాన్ మక్రానా నుంచి చలువరాయి రైళ్ల మీద వచ్చింది. కలకత్తా నేల గంగ తెచ్చిపోసిన ఒండ్రు. మెత్తటి మట్టి. దాని మీద అంత రాతి బరువు పెడితే ఎక్కడ కుంగుతుందో అన్న దిగులు కట్టేవాళ్లను సంవత్సరాల తరబడి వెంటాడింది. పునాది ముగిసి పైకట్టడం మొదలయ్యేసరికి పని చూసుకునే ప్రధాన శిల్పి బాధ్యత ఎష్‌కే దక్కింది. ఎమర్సన్ ఇంగ్లండులో, ఎష్ మైదానంలో. పేరు గురువుది, పొద్దూమాపు చాకిరీ శిష్యుడిది. 1921 డిసెంబరులో ఆ మహలు తలుపులు తెరుచుకునే నాటికి ఎష్ ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం దానికే పోయింది. తోటల గేట్లు, ఉత్తరం వైపు వంతెన మాత్రం ఆయన సొంత గీతలు.

అయితే అందులో ఏడేళ్లు ఆయన రెండు పడవల మీద కాళ్లు పెట్టి నడిచాడు. రెండో పడవ పేరు హైదరాబాదు.

మూసీ మింగిన ఊరు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఒక్క రోజులో దాదాపు పదిహేను వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఆ తోటలోని ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని నగరం ఈనాటికీ చెప్పుకుంటుంది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నదిని పైనే కట్టడి చేయాలని చెప్పాడు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ ఆలోచన ఫలితాలే.

1911లో ఇరవై అయిదేళ్ల మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు గల్లీలు తీసేసి రోడ్లు వెడల్పు చేయడం, మురుగు కాలువలు, కొత్త ఇళ్లు, మూసీ ఒడ్లను శుభ్రం చేసి కొత్త భవనాలు – ప్లేగు, వరద రెండూ చూసిన నగరానికి ఇవన్నీ ప్రాణావసరాలు. వాటితో పాటు గౌరవావసరం కూడా ఉంది. అదే 1911లో బ్రిటిష్ ప్రభుత్వం రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించింది. లుట్యెన్స్, బేకర్ కొత్త ఢిల్లీని గీస్తున్నారు. దాన్ని యూరపు పద్ధతిలో కట్టాలా, దేశీ పద్ధతిలో కట్టాలా అని దేశమంతా వాదన. దేశంలోకెల్లా పెద్ద సంస్థానాధిపతి చూస్తూ ఊరుకుంటాడా? తన రాజధాని తన ముఖంతో ఉండాలనుకున్నాడు. 1914లో ఎష్‌ను పిలిపించాడు.

ఇక్కడ రైలు రాజకీయం గుర్తు పెట్టుకోవాలి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులో నిజాం ఉన్నాడు, హామీ వడ్డీ నిజాం ఖజానాది, భూమి నిజాంది. కానీ కంపెనీ బోర్డు కూర్చునేది లండన్‌లో. 1874లో వాడి నుంచి వచ్చిన మొదటి రైలు ఆగింది సికింద్రాబాదులో, అంటే బ్రిటిష్ దండు నీడలో. హుస్సేన్ సాగర్‌కు ఇవతల నిజాం పట్నం, అవతల ఇంగ్లీషు కంటోన్మెంటు. ఏ ఒడ్డున రైలు ఆగితే ఆ ఒడ్డుకు విలువ. 1907లో నాంపల్లి స్టేషను వచ్చింది. 1916లో దక్షిణాన మహబూబ్‌నగర్, గద్వాల వైపు మీటర్ గేజ్ దారి తెరుచుకుంది. ఉత్తరాన గోదావరి లోయ, దక్షిణాన పాలమూరు. ఈ రెండు దిక్కుల జనం దిగే చోటు కావాలి. అది నగరంలోనే ఉండాలి. చూడగానే ఇది ఎవరి రాజ్యమో తెలియాలి. ఆ పని ఎష్ మీద పడింది.

కాచిగూడ

ఆ కాలపు స్టేషన్లు ఒక్కొక్కటి ఒక్కో మాట మాట్లాడతాయి. 1857 తిరుగుబాటు భయంలో పుట్టిన లాహోరు స్టేషను కోటలా ఉంటుంది. ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్ బొంబాయిలో కట్టిన విక్టోరియా టెర్మినస్ గోతిక్ చర్చీలకు చుట్టం. 1908లో మద్రాసు ఎగ్మూరులో హెన్రీ ఇర్విన్ ఎర్ర ఇటుకకు గుమ్మటాలు తొడిగాడు. ఎష్ ఇవన్నీ ఎరిగినవాడే. హైదరాబాదు వచ్చి ముందుగా ఆయన చూసింది మాత్రం ఈ నేలలో అప్పటికే నిలబడి ఉన్న కట్టడాలను. కుతుబ్‌షాహీ సమాధుల ఉల్లిగడ్డ గుమ్మటాలు, వాటి కింద పూరెక్కల పట్టీలు, చార్మినార్ కమాన్లు, గచ్చులో తీర్చిన లతలు – ఇవి ఆయన కళ్లలో పడ్డాయి.

కాచిగూడను చూస్తే ఆ చూపు ఏం చేసిందో తెలుస్తుంది. ముఖద్వారం మీద పెద్ద గుమ్మటం. రెండు కొనల్లో చిన్నవి. మధ్యలో వరుసగా కమాన్లు. గుమ్మటం ఉన్నచోటే దారి ఉంటుంది కాబట్టి, చదువు రాని మనిషి కూడా బోర్డు చదవకుండానే ఎటు పోవాలో తెలుసుకుంటాడు. కమాన్ల వరండా నీడ ఎండాకాలపు మధ్యాహ్నం మూటల మీద కూర్చున్న జనానికి ఆసరా. గార్డెన్ రీచ్ బల్ల మీద నేర్చిన రైలు లెక్క, గోల్కొండ సమాధుల దగ్గర నేర్చిన అందం ఇక్కడ ఒక్కటయ్యాయి.

కట్టిన పద్ధతి అంతకన్నా ఆశ్చర్యం. ఎష్ ఇక్కడ ఉక్కు చువ్వలు పొదిగిన కాంక్రీటు వాడాడు. అప్పటికి మన దేశంలో సిమెంటు తయారీ పురిటి దశలో ఉంది. పోర్‌బందరు ఫ్యాక్టరీ పని మొదలుపెట్టిందే 1914లో. తరతరాలుగా ఇక్కడివాళ్లకు తెలిసింది డంగు సున్నం. గుండ్రటి రాతి కాలువలో ఎద్దు తిప్పే గానుగ కింద నలిగి నలిగి వెన్నలా అయిన సున్నం. దానితోనే కోటలు నిలబడ్డాయి. ఎష్ పాత రూపం తీసుకుని కొత్త పదార్థంలో పోశాడు. చూపుకు నాలుగు వందల ఏళ్ల నాటిది, ఎముకలకు ఇరవయ్యో శతాబ్దానిది. అందుకే దాన్ని నకలు అనలేం. తాత పోలిక వచ్చిన మనవడు అనాలి.

మూడు భవనాలు, వేల చేతులు

స్టేషనుతో ఆగలేదు. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, కోర్టు పక్కనే సిటీ హైస్కూలు. మూసీ ఏ ఒడ్లను కోసుకుపోయిందో ఆ ఒడ్ల మీదే న్యాయం, వైద్యం, చదువు నిలబెట్టారు. వరదకు నగరం చెప్పిన జవాబు అది.

హైకోర్టు పని 1915 ఏప్రిల్ 15న మొదలై 1919 మార్చి 31న ముగిసింది. 1920 ఏప్రిల్ 20న నిజాం ప్రారంభించాడు. గులాబీ రంగు గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి. ఎష్‌తో పాటు ఇక్కడ మరికొన్ని పేర్లు కచ్చితంగా చెప్పుకోవాలి. నమూనాలు గీసినవాడు జైపూరుకు చెందిన శంకర్‌లాల్. అమలు చేసిన ఇంజినీరు మన నగరం మనిషి మెహర్ అలీ ఫాజిల్. కట్టించిన గుత్తేదారు మీర్జా అక్బర్ బేగ్. పటాల కింద దొర సంతకం మిగులుతుంది. కానీ ఆ రాయికి ప్రాణం పోసింది ఒక జైపూరీ, ఒక హైదరాబాదీ, వాళ్ల కింద పేర్లు ఎక్కడా రాయని వేలమంది.

ఆ వేలమంది ఎవరో మనకు తెలియదా? తెలంగాణలో బండ కొట్టడం వడ్డెరల బతుకు. గుట్ట మీద బండకు వరుసగా బెజ్జాలు పెట్టి, ఉక్కు చీలలు దిగ్గొట్టి, దాని గుండె చీలే గీత ఎటు పోతుందో చెవితో విని చెప్పగలరు వాళ్లు. కరీంనగర్ గ్రానైటు గుట్టల మీద ఇప్పుడు యంత్రాలు కోస్తున్న బండల్లో వాళ్ల తాతల విద్యే ఉంది. పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలు మట్టి మోశారంటే దేశంలో ఏ కట్ట అయినా లేస్తుందని పేరు. కలకత్తాలో ఎష్ మెత్తటి బురదతో పోరాడాడు. ఇక్కడ కాలి కిందే కోట్ల ఏళ్ల బండ. పునాదికి దిగులు లేదు. ఆ బండను లొంగదీసే చేతులకూ కొదవ లేదు.

ఆ దర్వాజ లోంచి ఎవరొచ్చారు?

స్టేషనులో నాలుగు తరగతులు – ఫస్టు, సెకండు, ఇంటరు, థర్డు. గది వేరు, డబ్బా వేరు, మర్యాద వేరు. రైలు కంపెనీలకు ఆదాయం తెచ్చేది మూడో తరగతి జనం, సుఖం దక్కేది మొదటి తరగతికి. 1917లో గాంధీ మూడో తరగతి ప్రయాణపు కష్టాల మీద ఒక చిన్న పుస్తకమే వేశాడు. నీళ్ల కుండ దగ్గర కూడా హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు అని కేకలు. పరదా పాటించే ఇళ్ల స్త్రీలు బురఖాల చాటున, తెరల చాటున రైలెక్కేవారు.

అయినా ఆ కమాన్ల కిందికి అందరూ వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలయ్యాక ఇందూరు నుంచి, ఔరంగాబాదు నుంచి ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని చదువుకునే పిల్లలు వచ్చారు. పాలమూరు కూలీలు వచ్చారు. వకీళ్లు, వ్యాపారులు, నవాబుల బంధువులు, హైకోర్టు పేషీకి కాగితాల మూటతో మన జగిత్యాల రైతు, ఆస్పత్రి కోసం పసిపాపను ఒడిలో పెట్టుకున్న తల్లి వచ్చారు. ఒకే మనిషి గీసిన స్టేషనులో దిగి, ఆయన చేయి పడిన కోర్టుకో, ఆయనే గీసిన ఆస్పత్రికో నడిచి పోయే పల్లెటూరి మనిషి ఆ గీతలు గీసినవాడి పేరు వినలేదు. వినాల్సిన అవసరమూ లేదు. దారి తప్పకుండా చేరాడా, నీడ దొరికిందా, అదే ఆ శిల్పి గెలుపు.

తిరుగు ప్రయాణం

1921 తర్వాత ఎష్ హైదరాబాదు పనుల నుంచి తప్పుకుని ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఉస్మానియా ఆస్పత్రి పూర్తయింది 1925లో, ఆయన వెళ్లాక. బ్రిటిష్ రాజు నుంచి సీవీఓ బిరుదు అందింది. చిత్రమేమిటంటే, ఆయన మనసులో చివరిదాకా మెదిలింది కలకత్తా చలువరాయి కన్నా హైదరాబాదు గుమ్మటాలేమో అనిపిస్తుంది. 1942లో, లండన్ యుద్ధపు రోజుల్లో, అరవై ఆరేళ్ల వయసులో, ‘ఇండియన్ ఆర్ట్ అండ్ లెటర్స్’ పత్రికకు ఆధునిక భారతీయ వాస్తు గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఎక్కువ భాగం హైదరాబాదే. 1950లో కన్నుమూశాడు. అప్పటికి నిజాం రాజ్యం లేదు, బ్రిటిష్ రాజ్యమూ లేదు.

ఆయన నాలుగు కట్టడాల గతి చూడండి. సిటీ హైస్కూలు సిటీ కాలేజీ అయింది, అక్కడ పాఠాలు నడుస్తున్నాయి. ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలోకి 2020 జులై వానలకు నీళ్లు చేరాక రోగులను అక్కడి నుంచి తరలించారు. కొత్త ఆస్పత్రి గోషామహల్‌లో లేవబోతోంది. హైకోర్టుకు బుద్వేల్‌లో కొత్త భవనం కడుతున్నారు. కాచిగూడ మాత్రం ఏ పనికి పుట్టిందో ఆ పనే చేస్తోంది. మీటర్ గేజ్ పోయింది, ఆవిరి ఇంజను పోయింది, నాలుగు తరగతులు పోయాయి, రాజ్యాలు పోయాయి. గుమ్మటం కింద జనం కదలిక మాత్రం ఆగలేదు. సికింద్రాబాదు స్టేషను పాత ముఖభవనాన్ని 2025లో కొత్త నిర్మాణం కోసం కూల్చడం చూసిన మనకు, కాచిగూడను కంటికి రెప్పలా కాపాడుకోవాలని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పెరిగే జనానికి కొత్త స్టేషన్లు కట్టాల్సిందే. కానీ కొత్తది కట్టే ముందు ఈ నేలలో నిలబడి ఉన్నవాటి వైపు ఒకసారి తల తిప్పి చూడటం పరాయి దేశం నుంచి వచ్చిన ఎష్‌కు చేతనైంది. ఆ నేలలో పుట్టినవాళ్లకు చేతకాకుండా పోకూడదు.

ఒక బాధ మాత్రం దాచలేను. 1916లో పట్నానికి అంత అందమైన దర్వాజ ఎత్తారు. ఆ దర్వాజకు దారి తీసే బాట మన కొండగట్టు కిందికి రావడానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. పెద్దపల్లి – నిజామాబాదు లైనుకు మన జిల్లా బిడ్డ, ప్రధాని పి.వి. నరసింహారావు 1993లో శంకుస్థాపన చేశాడు. కరీంనగర్ పట్టణం తన స్టేషనులో రైలు చూడటానికి ఈ శతాబ్దం దాకా ఎదురుచూసింది. లైను మొత్తం ఇందూరు దాకా కలిసింది 2017లో. ఇవాళ కొండగట్టు మెట్ల మీద కూర్చుని, దీక్ష విరమించిన భక్తుల సందడి సద్దుమణిగాక చెవి ఒగ్గితే, నూకపల్లి – మల్యాల స్టేషను దిక్కు నుంచి కూత గాలిలో తేలి వస్తుంది. ఎడ్లబండిలో నాలుగైదు రోజులు పోయిన దారి అది. అదే కోరుట్ల, అదే మెట్‌పల్లి, అదే ఆర్మూరు.

నిజానికి మన దిక్కుకు ఇనుప బాట మొదటిసారి వచ్చింది అంతకు చాలా ముందే, జిల్లా తూర్పు అంచు మీదుగా. అది మన ఊళ్ల కోసం వేసింది కాదు. నేల కింద నల్లగా మెరిసే బొగ్గు కోసం, ఢిల్లీనీ మద్రాసునూ సూటిగా కలపడం కోసం వేసింది. 1883లో అఘోరనాథ్‌ను దేశం దాటించిన చాందా దారి, నలభై ఏళ్లు పూడ్చిపెట్టినట్టుండి, కాజీపేట నుంచి మళ్లీ మొలకెత్తింది. పెద్దపల్లి పొలాలను చీల్చుకుంటూ, గోదావరి మీద కాలుమోపి, బెల్లంపల్లి అడవుల్లోంచి బల్లార్షా చేరి 1929లో పూర్తయింది. ఆ వెంటనే 1930 ఏప్రిల్ 1న నిజాం లండన్ కంపెనీ నుంచి తన రైలును తానే కొనుక్కున్నాడు.

గోదావరి మీద ఆ వంతెన ఎట్లా లేచింది, అడవిలో పట్టాలు పరిచిన గోండు, కోలాం పల్లెల మీద ఏం పడింది, బొగ్గు బావుల చుట్టూ కొత్త ఊళ్లు ఎట్లా పుట్టుకొచ్చాయి – వచ్చే భాగంలో.